మెయిల్‌లో 540 డాలర్లు, ఖాతాలో సున్నా: ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది రాజమండ్రి. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. ఫీజు పేపాల్ (విదేశాల నుంచి ఆన్‌లైన్‌లో డబ్బు పంపే సర్వీసు) ద్వారా వస్తుంది. ఆ పేపాల్ వాళ్ళ మెయిళ్ళే నాకు అర్థం కావడం లేదు. 40 డాలర్లు వచ్చాయని మెయిల్ వస్తుంది, బ్యాంకులో తక్కువ పడుతుంది. ఆ వెంటనే మీ డబ్బు బదిలీ చేస్తున్నామని ఇంకోటి వస్తుంది, ఎవరైనా తీసేసుకుంటున్నారేమోనని భయం. పోయిన వారం కొత్తగా ఒకావిడ తన కూతురికి ఆర్నెల్ల ఫీజు 240 డాలర్లు ఒకేసారి కడతానన్నారు. తర్వాత పేపాల్ నుంచి మెయిల్ వచ్చింది. 540 వచ్చాయట, నాది చిన్న ఖాతా కాబట్టి ఆపి ఉంచారట, ఎక్కువ వచ్చిన 300 వెనక్కి పంపితే మొత్తం వదులుతారట. ఆవిడేమో వాట్సాప్‌లో ఒకటే తొందర పెడుతున్నారు, యూపీఐ నంబరు కూడా ఇచ్చారు. ఇది చాలదన్నట్టు నేను 499 డాలర్లు పెట్టి యాంటీవైరస్ కొన్నానని, కాదంటే ఫలానా నంబరుకి ఫోన్ చేయమని నిన్న ఇంకో మెయిల్. అది పేపాల్ అసలు అడ్రస్ నుంచే వచ్చిందని మా అబ్బాయి చూసి చెప్పాడు. వీటిలో ఏది నిజం? అన్నట్టు, మా వారి కార్డు నుంచి ఎల్లుండి 649 రూపాయలు కట్ అవుతాయని బ్యాంకు మెయిల్ కూడా వచ్చింది. అదీ మోసమేనా?

సమాధానం: ముందు ఆ 300 డాలర్ల సంగతి. పంపకండి, అమ్మా. మీకు 540 డాలర్లు రాలేదు. ఆ మెయిల్ పేపాల్ పంపింది కాదు. ఆవిడకు సంగీతం నేర్చుకునే కూతురు ఉందన్నది కూడా అనుమానమే.

మెయిల్ చూడకుండానే ఇంత గట్టిగా ఎలా చెబుతున్నానంటారా? ఎక్కువ వచ్చిన డబ్బును ఇంకెవరికో పంపితేనే మిగతాది వదులుతాం అనే పద్ధతి పేపాల్‌లో లేనే లేదు. నిజంగా డబ్బు ఆగితే అది మీ ఖాతాలో కనిపిస్తూ ఆగుతుంది. లాగిన్ అయితే లావాదేవీల జాబితాలో ఆ మొత్తం, పక్కన పెండింగ్ అనో ఆన్ హోల్డ్ అనో ఉంటుంది. మీ జాబితాలో లేదంటే ఆ డబ్బు అసలు రాలేదనే లెక్క. 'మీది చిన్న ఖాతా, పెద్ద ఖాతాకి మార్చడానికి కొన్నవాళ్ళే అదనంగా కట్టారు' అనే ఈ కథ ఆన్‌లైన్‌లో పాత సామాన్లు అమ్ముకునేవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి నడుస్తోంది. ట్యూషన్ చెప్పేవాళ్ళనూ వదలడం లేదు. కొత్త మనిషి కావడం, నెలలకు నెలల ఫీజు ముందే కడతాననడం, కట్టాల్సినదానికంటే ఎక్కువ పంపడం, తేడా వేరే దారిలో అడగడం, తొందరపెట్టడం, అన్నీ మీ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. ఒక్కోసారి 540 నిజంగానే వస్తాయి. దొంగిలించిన కార్డుతోనో, ఎవరిదో చేజిక్కించుకున్న ఖాతాతోనో కడతారు. మీరు 300 యూపీఐలో పంపేస్తారు. తర్వాత అసలు కార్డు యజమాని ఫిర్యాదు చేస్తే 540 మొత్తం వెనక్కి పోతుంది, మీ 300 మాత్రం తిరిగి రాదు. అందుకని ఎప్పుడైనా సరే, ఎక్కువ వచ్చిందని తేలితే తిరిగి ఇచ్చే దారి ఒక్కటే. పేపాల్‌లో ఆ లావాదేవీని తెరిచి అందులోనే ఉన్న రిఫండ్ నొక్కండి. డబ్బు వచ్చిన దారినే పోతుంది. యూపీఐ, గిఫ్ట్ కార్డు, ఫలానా ఏజెంటు ఖాతా, ఏదీ వద్దు.

ఆవిడకు మీరు రాయాల్సింది ఇంతే: "మీ చెల్లింపు నా ఖాతాలో కనిపించడం లేదు. 240 డాలర్లకు నేనే ఇన్వాయిస్ పంపిస్తాను, దాని మీద కట్టండి." ఇన్వాయిస్ అంటే ఇంత కట్టమని పేపాల్‌లో పంపే బిల్లు. నిజంగా పిల్లను చేర్పించాలనుకునే తల్లి అయితే కట్టేస్తుంది. లేకపోతే ఆవిడే మాయమవుతుంది.

ఇక మిగతా మెయిళ్ళు. మీరు వచ్చే ప్రతి మెయిల్‌నూ రసీదుగా చూస్తున్నారు, ఇబ్బందంతా అక్కడే వస్తోంది. శుభలేఖ అందినంత మాత్రాన పెళ్ళి అయిపోయినట్టు కాదు కదా. మెయిల్ వచ్చాక దాన్ని పక్కన పెట్టి, అందులోని లింకు నొక్కకుండా, ఫోన్‌లోని పేపాల్ యాప్ మీరే తెరవండి. లేదా బ్రౌజర్‌లో పేపాల్ అడ్రస్ మీరే టైప్ చేయండి. అక్కడ లావాదేవీ ఉందా, ఉంటే పక్కన ఏ స్థితి రాసి ఉంది, మొత్తం ఎంత, ఈ మూడూ చూడండి. పేపాలే కాదు, డబ్బు పంపే ఏ సర్వీసు మెయిల్ అయినా ఇలాగే చూడాలి.

మీకు మామూలుగా వచ్చే రెండు మెయిళ్ళూ అసలైనవే. మొదటిది, ఫలానావారు మీకు 40 డాలర్లు కట్టారని. రెండోది, ఆ డబ్బు మీ బ్యాంకుకు బదిలీ చేస్తున్నామని. ఈ రెండోదే కదా మిమ్మల్ని భయపెడుతున్నది? మన దేశపు పేపాల్ ఖాతాల్లో వచ్చిన డబ్బును అక్కడే దాచుకునే వీలు లేదు. నిబంధనల ప్రకారం అది మీరు ముందే ఇచ్చిన బ్యాంకు ఖాతాకు దానంతటదే వెళ్ళిపోతుంది. పేపాల్‌లోంచి బయటికి పోతోంది కాబట్టి మెయిల్ చదివితే ఎవరో తీసుకుంటున్నట్టే ఉంటుంది. అందులో మీ బ్యాంకు ఖాతా చివరి అంకెలు ఇస్తారు. అవి మీ పాస్‌బుక్‌తో సరిపోతే ఇక ఆలోచించక్కర్లేదు. సరిపోకపోతే మాత్రం వెంటనే ఖాతా తెరిచి, అందులో మీకు తెలియని బ్యాంకు ఖాతా ఏదైనా చేరిందేమో చూసి, పాస్‌వర్డ్ మార్చండి. ఈ బదిలీకి కొన్ని పని దినాలు పడుతుంది, మధ్యలో శని ఆదివారాలు వస్తే ఇంకాస్త ఆలస్యం. మెయిల్ వచ్చిన రోజే బ్యాంకులో వెతక్కండి.

తక్కువ ఎందుకు పడుతోందంటే, మెయిల్‌లో పెద్ద అక్షరాల్లో కనిపించే 40 అవతలివాళ్ళు కట్టింది. మన దేశంలోని ఖాతాకు బయటి దేశాల నుంచి వచ్చే చెల్లింపు మీద పేపాల్ మామూలుగా 4.4 శాతం, దానిపైన ప్రతి చెల్లింపుకూ 30 సెంట్లు పట్టుకుంటుంది. 40 డాలర్ల మీద 1.76, ఆ 30 సెంట్లు కలిపితే 2.06. మిగిలేది 37.94. దాన్ని రూపాయల్లోకి మార్చేటప్పుడు పేపాల్ వేసే రేటు మీరు గూగుల్‌లో చూసే రేటుకంటే తక్కువ ఉంటుంది. ఫీజుకైతే లెక్క కనిపిస్తుంది, ఈ రేటు తేడా మాత్రం విడిగా ఎక్కడా కనిపించదు. అందుకే గూగుల్ రేటుతో గుణించి చూసుకున్న ప్రతిసారీ మీకు ఏదో పోయినట్టు అనిపిస్తుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి నా లెక్కను పట్టుకుని కూర్చోకండి. ఖాతాలో ఒక్కో లావాదేవీని తెరిస్తే పట్టిన ఫీజు, చేతికొచ్చే మొత్తం విడివిడిగా ఉంటాయి. ఇంకో మాట. ఎవరైనా వారానికి 10 డాలర్ల చొప్పున కడుతుంటే నెలకోసారి కట్టమనండి. నాలుగుసార్లు కడితే ఆ 30 సెంట్లు నాలుగుసార్లు పోతాయి. పాత శిష్యులను మూడు నెలలకోసారి కట్టమన్నా తప్పులేదు, నా సలహా అయితే అదే.

పెండింగ్ అని వచ్చే మెయిల్ నిజమైనదీ ఉంటుంది. అవతలివాళ్ళు కార్డుతో కాకుండా తమ బ్యాంకు ఖాతా నుంచి ఈ-చెక్ రూపంలో కడితే అది తేలడానికి కొన్ని రోజులు పడుతుంది. కొత్తగా అమ్మకం మొదలుపెట్టినవాళ్ళ డబ్బును పేపాల్ 21 రోజుల దాకా ఆపవచ్చు. విదేశీ డబ్బు దేనికొస్తోందో చెప్పే పర్పస్ కోడ్ మీరు ఎంచుకోకపోయినా, పాన్ వివరాలు ఇవ్వకపోయినా ఆగుతుంది. ఇవన్నీ మీ ఖాతాలోకి వెళ్తే కనిపిస్తాయి, ఏం చేయాలో అక్కడే రాసి ఉంటుంది. ఏ సందర్భంలోనూ డబ్బు విడుదల కావడానికి మీరు ఎవరికీ డబ్బు పంపాల్సిన పని ఉండదు. పెండింగ్‌లో ఉన్నంతకాలం క్లాసు మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలిసినవాళ్ళయితే మొదలుపెట్టండి. కొత్తవాళ్ళయితే ఆగమంటాను.

ఒక విషయం గుర్తుంచుకుంటే సగం మోసాలు మెయిల్ తెరవకముందే తేలిపోతాయి. పేపాల్ మన దేశంలో లోపలి చెల్లింపులను 2021 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. ఇక్కడి ఖాతా విదేశాలతో లావాదేవీలకు మాత్రమే. కాబట్టి హైదరాబాద్‌లో ఖాతా ఉన్నవాళ్ళెవరైనా మీకు పేపాల్‌లో రూపాయలు కట్టామని స్క్రీన్‌షాట్ పెడితే అది జరిగే పనే కాదు. డాలస్‌లో ఉన్న మేనకోడలు ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ (సొంతవాళ్ళకు ఊరికే పంపే పద్ధతి) కింద ప్రేమగా పంపడం కూడా మన ఖాతాలకు కుదరదు. సరుకుకో సేవకో చెల్లింపుగానే రావాలి.

ఇప్పుడు ఆ 499 డాలర్ల యాంటీవైరస్. మీ అబ్బాయి చెప్పింది నిజమే, ఆ మెయిల్ పేపాల్ నుంచే వచ్చి ఉంటుంది. అయినా మోసమే. చాలామంది బోల్తా పడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మీరు శిష్యుల తల్లిదండ్రులకు ఇన్వాయిస్ పంపినట్టే, పేపాల్ ఖాతా ఉన్న ఎవరైనా ఎవరి మెయిల్ ఐడీకైనా ఇన్వాయిస్ గానీ, డబ్బు అడిగే రిక్వెస్ట్ గానీ పంపవచ్చు. పంపేది మనిషే అయినా, మెయిల్‌ను మోసుకొచ్చేది పేపాల్ సిస్టమే. అందుకే అడ్రస్ అసలుదే ఉంటుంది, లోగో అసలుదే, స్పామ్‌లో కూడా పడదు. ఇన్వాయిస్‌లో అమ్మేవాళ్ళు రాసుకోవడానికి ఒక ఖాళీ డబ్బా ఉంటుంది చూడండి, మీరు 'జూన్ నెల ఫీజు' అని రాసేది. మోసగాడు అందులో "మీ ఖాతా నుంచి 499 డాలర్లు తీసుకున్నాం, మీరు కొనకపోతే 24 గంటల్లో ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని రాస్తాడు. చదివేవాళ్ళు అది పేపాల్ మాట అనుకుంటారు. ఖాతాలో కొత్త అడ్రస్ చేర్చారని వచ్చే మెయిల్‌ను కూడా ఇలాగే వాడుకున్నారు. అడ్రస్ రాసే గడిలో ఫోన్ నంబరు ఇరికించారు.

ఇది మీరు ఖాతాలోకి వెళ్ళి చూసినా కనిపించవచ్చు, గాభరా పడకండి. అది మీరు కట్టినట్టుగా ఉండదు, మిమ్మల్ని కట్టమని అడిగినట్టుగా మాత్రమే ఉంటుంది. మీరు పే నొక్కితే తప్ప ఒక్క సెంటు కదలదు. అక్కడే ఆ ఇన్వాయిస్‌ను రద్దు చేయవచ్చు, రిపోర్ట్ చేయవచ్చు. ఊరికే వదిలేసినా మీకు పోయేదేమీ లేదు. చేయకూడనిది ఒక్కటే, ఆ నంబరుకి ఫోన్. చేస్తే అవతల ఒకడు మర్యాదగా మాట్లాడి, డబ్బు వెనక్కి ఇవ్వాలంటే ఎనీడెస్క్ లాంటి యాప్ పెట్టుకోమంటాడు. పెట్టుకున్నారా, ఇక మీ స్క్రీన్ వాడి చేతిలో ఉన్నట్టే. మెయిల్ లోపల ఉన్న ఏ ఫోన్ నంబరుకీ ఎప్పుడూ చేయకండి. నంబరు కావాలంటే సంస్థ వెబ్‌సైట్‌కి మీరే వెళ్ళి తీసుకోండి.

అడ్రస్ చూడటం వల్ల ఉపయోగం లేదనడం లేదు. దానితో దొంగ మెయిల్‌ను పట్టుకోవచ్చు, మంచి మెయిల్ అని మాత్రం సర్టిఫికెట్ ఇవ్వలేం. ఫోన్‌లో జీమెయిల్ యాప్ పంపినవాళ్ళ పేరే చూపిస్తుంది, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పేరు కింద చిన్న బాణం గుర్తు నొక్కితే అసలు అడ్రస్ వస్తుంది. అట్ గుర్తు తర్వాత ఉన్నదాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. చివర డాట్ కామ్, దానికి ఆనుకుని పేపాల్, వీటి మధ్య ఇంకేమీ ఉండకూడదు. పేపాల్ హైఫన్ సపోర్ట్ డాట్ కామ్ అని ఉంటే అది ఇంకెవరిదో సైటు. పేపాల్ స్పెల్లింగ్‌లో చివరి చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టినా కంటికి ఒకేలా ఉంటుంది, దాన్ని చూపుతో పట్టడం కష్టం. మీ 540 డాలర్ల మెయిల్‌కి ఇలా చేసి చూడండి, ఏదో ఊరూ పేరూ లేని జీమెయిల్ అడ్రస్ బయటపడే అవకాశమే ఎక్కువ. పేపాల్ అసలు మెయిళ్ళు మీరు ఖాతాలో నమోదు చేసిన పూర్తి పేరుతో మొదలవుతాయి. డియర్ కస్టమర్ అని ఉంటే అక్కడే ఆగిపోండి. అనుమానం ఉన్న మెయిల్‌ను ఫిషింగ్ (phishing) అట్ పేపాల్ డాట్ కామ్ అనే అడ్రస్‌కు ఫార్వర్డ్ చేసి, తర్వాత తీసేయండి.

ఇన్ని మోసాల భయంలో అసలు మెయిల్‌ను పట్టించుకోకపోతే అదీ నష్టమే. డిస్ప్యూట్ అనో క్లెయిమ్ అనో వచ్చేది అలాంటిది. కట్టినవాళ్ళు 180 రోజుల లోపు "నేను డబ్బు కట్టాను, క్లాసులు జరగలేదు" అని ఫిర్యాదు చేయవచ్చు. ముందు అది మీ ఇద్దరి మధ్య మాటలుగా నడుస్తుంది. 20 రోజుల లోపు వాళ్ళు దాన్ని క్లెయిమ్‌గా మార్చితే మీరు 10 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే వాళ్ళ మాటే చెల్లుతుంది, డబ్బు వెనక్కి పోతుంది. చాలాసార్లు ఇది గొడవ కూడా కాదు. కార్డు స్టేట్‌మెంటులో మీ పేరు చూసి ఎవరిదో గుర్తుపట్టక పిల్ల తండ్రి ఫిర్యాదు పెట్టేసి ఉంటాడు, ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో తేలిపోతుంది. అయినా క్లాసు జరిగిన తేదీలు, జూమ్ రికార్డింగులు, తల్లిదండ్రులతో చేసిన చాట్‌లు ఆరు నెలల దాకా తీసేయకండి. సరుకు అమ్మేవాళ్ళకు కొరియర్ రసీదు ఉంటుంది, మీకు రుజువంటే ఇవే.

ఒకవేళ నా జవాబు చేరేలోపే ఆ యూపీఐకి డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోకండి. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు పెట్టవచ్చు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఫిర్యాదు చేరితేనే ఆపడానికి వీలుంటుంది, కాబట్టి ఇక్కడ రోజులు కాదు, గంటల లెక్క. మీ బ్యాంకుకూ చెప్పండి. 2017 జులై 6 నాటి రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ కాక, మీదీ కాకుండా డబ్బు పోతే, బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన మూడు పని దినాల్లో మీరు చెబితే నష్టం మీ మీద పడదు. అయితే మీరే ఓటీపీ చెప్పినా, మీరే పిన్ కొట్టినా, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీ నష్టమే అవుతుంది. చెప్పిన తర్వాత పోతే అది బ్యాంకు భరించాలి. ఎలా చూసినా ముందు చెప్పడమే మేలు.

చివరిగా, మీ వారి కార్డు మీద వచ్చిన 649 రూపాయల మెయిల్. అది నిజమైనదే అయి ఉండవచ్చు, పైగా మంచి మెయిల్. 2021 అక్టోబర్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, కార్డు నుంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యే ఏ చెల్లింపుకైనా బ్యాంకు కనీసం 24 గంటల ముందు చెప్పి తీరాలి. ఎవరికి పోతోంది, ఎంత, ఏ రోజు, దేనికోసం అన్నవి అందులో ఉండాలి. మామూలు సబ్‌స్క్రిప్షన్లకు 15,000 రూపాయల దాకా ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది కాబట్టి మీకు ముందుగా తెలిసేది ఈ మెయిల్‌తోనే. ఏదో ఓటీటీ నెల ఉచితం అన్నప్పుడు ఇంట్లో ఎవరో కార్డు ఇచ్చి మర్చిపోయి ఉంటారు, మీ అబ్బాయినే అడిగి చూడండి.

వద్దనుకుంటే మెయిల్‌లోని లింకు జోలికి వెళ్ళకుండా బ్యాంకు యాప్‌లోనో, నెట్ బ్యాంకింగ్‌లోనో ఈ-మాండేట్లు లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్లు (దానంతటదే కట్ అయ్యే చెల్లింపులకు ఇచ్చిన అనుమతులు) అనే చోట చూడండి. బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తున్నాయి, సైటులోకి వెళ్ళే ముందు అదీ చూసుకోండి. మెయిల్‌లో చెప్పిన చెల్లింపు ఆ జాబితాలో ఉంటే ఈ ఒక్క నెలకు ఆపవచ్చు, లేదా మొత్తానికే రద్దు చేయవచ్చు. కట్ అయ్యే రోజు ఎల్లుండి అన్నారు కాబట్టి ఆ పని ఈరోజే చేసేయండి. జాబితాలో లేకపోతే ఆ మెయిల్‌ను బ్యాంకుకు చూపించి, అది తేలేదాకా కార్డులో ఆన్‌లైన్ లావాదేవీలను యాప్‌లోంచే ఆఫ్ చేసి పెట్టండి.